పేరు ఎప్పుడు వచ్చింది? సారా బెర్నార్ తొలినాళ్ల చిక్కుముడి

1914 జనవరిలో ఫ్రాన్స్ ప్రభుత్వం నటి సారా బెర్నార్‌కు లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చింది. అప్పటికి ఆమె డెబ్బయ్యో పడి అంచున ఉంది. యాభై ఏళ్లకు పైగా రంగస్థలం మీదే గడిపింది. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆమె పేరు వినని పెద్ద పట్టణం లేదంటే అతిశయోక్తి కాదు. అయితే ఆ పురస్కారానికి ఆమె తాను ఫ్రెంచి పౌరురాలినని రుజువు చూపవలసి వచ్చింది. ఆమె ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పుట్టిందో చెప్పే కాగితం మాత్రం ఎక్కడా లేదు. లేని కాగితాన్ని చివరికి తయారు చేయించారు. 1844 సెప్టెంబరు 25న పారిస్‌లో పుట్టినట్టు, తండ్రి ల హావ్ర్ పట్టణానికి చెందిన ఎదువార్ బెర్నార్ అయినట్టు అందులో ఉంది. ఆమె జీవితచరిత్రకారుల్లో ఎక్కువ మంది ఆ తేదీని నమ్మరు. అదే సంవత్సరం అక్టోబరు 22 లేదా 23 అని రాస్తారు. ఆ తండ్రి సంగతైతే ఒక్కో కథనంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒకచోట న్యాయశాస్త్ర విద్యార్థి, ఒకచోట నౌకాదళ అధికారి, మరొకచోట గుమాస్తా.

అసలు కాగితం ఏమైందన్నది తెలిసిన విషయమే. పారిస్ నగరంలో జనన మరణాల రిజిస్టర్లను రెండు ప్రతులుగా రాసి, ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుందన్న ముందుచూపుతో ఒకదాన్ని నగర పాలక భవనంలోనూ రెండోదాన్ని న్యాయస్థాన భవనంలోనూ దాచేవారు. 1871 మే నెలలో, పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు నగర ప్రభుత్వం చివరి వారపు పోరాటాల్లో ఆ రెండు భవనాలూ తగలబడ్డాయి. 1860కి ముందు పారిస్‌లో పుట్టిన లక్షలాది మందికి అధికారికంగా పుట్టుక లేకుండా పోయింది. తరువాత చర్చి రిజిస్టర్లు, కుటుంబాల దగ్గరున్న నకళ్ళు చూసి కొంత భాగాన్ని తిరిగి రాశారు. తిరిగి రాయించుకునే పని ఎవరికి అవసరమైతే వారు చేసుకున్నారు. సారాకు డెబ్బయ్యేళ్ల దగ్గర పడేవరకు ఆ అవసరం కలగలేదు. కాగితం లేకపోవడం ఆమెకు చాలాకాలం పాటు సౌకర్యంగానే ఉండి ఉంటుందని నా అనుమానం.

ఎందుకు సౌకర్యమో చెప్పాలంటే తల్లి దగ్గర మొదలుపెట్టాలి. తల్లి యూల్ బెర్నార్ డచ్చి యూదు కుటుంబంలో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ పారిస్ చేరిన అవివాహిత. ఆమె చెల్లెలు రొజీన్ కూడా అక్కడే ఉండేది. అక్కాచెల్లెళ్లిద్దరి వృత్తికి ఫ్రెంచిలో మర్యాదగా ఉండే మాటలు చాలా ఉన్నాయి. ధనవంతులైన ప్రభువులు, రాజకీయ నాయకులు, బ్యాంకర్లు ఇల్లు, బండి, నగలు సమకూర్చి పోషించే స్త్రీలు వీరు. సభ్యసమాజం వారిని తన ఇళ్లకు పిలవదు, తన మగవాళ్లు వారి ఇళ్లకు వెళ్లడం చూడనట్టు ఉంటుంది. పోలీసులు మాత్రం చూసేవారు. అలాంటి స్త్రీల వివరాలు రాసిపెట్టిన రహస్య రిజిస్టరు పారిస్ పోలీసుల దగ్గర ఉండేది. అందులో తల్లి పేరూ, కొన్నేళ్ల తరువాత కూతురి పేరూ చేరాయి. 1907లో సారా రాసుకున్న ఆత్మకథలో ఈ వృత్తి మాటే కనిపించదు. అందులో తల్లి ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండే అందమైన స్త్రీ, అంతే.

ఆమె తొలినాళ్ల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఒక్క పుస్తకం నుంచే వచ్చింది. పుస్తకం అబద్ధాల పుట్ట కాదు. అయితే రాసినది నటి, ఆమెకు ప్రతి సంఘటనా ఒక అంకంలాగే కనిపిస్తుంది. ఉదాహరణకు బ్రిటనీ ప్రాంతంలో కెంపెర్లె అనే ఊరి దగ్గర దాది ఇంట్లో తాను పెరిగానని, మొదట నోటికి వచ్చిన భాష ఫ్రెంచి కాదు బ్రెటన్ అని ఆమె చెబుతుంది. ఇందులో వింత ఏమీ లేదు. ఆ కాలపు పారిస్‌లో అంగళ్లవాళ్లు మొదలు పెద్దింటివాళ్ల దాకా పసిపిల్లల్ని పల్లెటూరి దాదులకు అప్పగించేవారు. వింత తరువాత వస్తుంది. దాది మళ్లీ పెళ్లి చేసుకుని పారిస్‌లో ఒక భవనపు కాపలా గదికి చేరుకుంటుంది, కొత్త చిరునామా తల్లికి తెలియదు. ఒకరోజు పిన్ని రొజీన్ అనుకోకుండా ఆ వాకిట్లో బండి దిగుతుంది. ఆమె తనను వదిలి వెళ్లిపోతుందన్న భయంతో పిల్ల కిటికీలోంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంటుంది. ఇది జరిగిందో లేదో తేల్చడం కష్టం, తేల్చవలసిన అవసరమూ అంతగా లేదు. తల్లి పట్టించుకోని పిల్లనన్న బాధ మాత్రం ఆ పేజీల్లో అతికించినట్టు ఉండదు. తరువాత వచ్చిన చెల్లెలు జాన్ అంటే తల్లికి ప్రాణమని, తానంటే కాదని ఆమె పుస్తకమంతా ఏదో ఒక రూపంలో చెబుతూనే ఉంటుంది.

ఏడేళ్ల ప్రాయంలో ఓతోయ్‌లోని ఒక బాలికల బడిలో, ఆ తరువాత వెర్సాయ్ దగ్గర గ్రాన్‌షాన్ కాన్వెంటులో ఆమె చదువు సాగింది. యూదు తల్లికి పుట్టిన ఆ పిల్లకు 1856లో అక్కడే క్యాథలిక్ బాప్టిజం ఇచ్చారు. సన్యాసిని కావాలన్న కోరిక పట్టుకున్నదీ అక్కడే. సంతకం కింద జీవితాంతం పెట్టుకున్న ఆదర్శ వాక్యం కూడా తొమ్మిదేళ్ల వయసులో పుట్టిందని ఆమె చెబుతుంది. ఒక గుంటను దాటలేవని బంధువుల పిల్లవాడు పందెం కాస్తే దూకి పడిందట, మళ్లీ దూకుతావా అంటే ‘కాఁ మెమ్’ అన్నదట. మన మాటల్లో ‘అయినా సరే’ అని. తరువాత ఉత్తరాల కాగితాల మీద, వెండి సామాను మీద, చివరికి తన సొంత నాటకశాల మీద కూడా ఆ రెండు మాటలే వేయించుకుంది.

పదిహేనేళ్లు వచ్చేసరికి ఈ పిల్లను ఏం చేయాలన్న ప్రశ్న ఇంట్లో తలెత్తింది. తల్లి ఇంటికి వచ్చిపోయేవారిలో మోర్నీ డ్యూక్ ఒకడు. అతను సామాన్యుడు కాడు, మూడో నెపోలియన్ చక్రవర్తికి సవతి తమ్ముడు, శాసనసభకు అధ్యక్షుడు. పిల్లను కన్సర్వెటరీలో చేర్పించమని అతనే చెప్పాడు. ప్రభుత్వ సంగీత నాటక విద్యాలయం అది. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష ఉంది. ఇంట్లో ఉంటే తల్లి వృత్తే దిక్కయ్యే పిల్లకు గౌరవంగా కనిపించే దారి ఒకటి దొరికింది, అతనికి ఖర్చు ఒక మాట. ఆ సాయంత్రమే ఆమెను కొమెదీ ఫ్రాన్సేజ్ అనే ప్రభుత్వ నాటక సంస్థలో నాటకానికి తీసుకువెళ్లారని, అక్కడ తాను వెక్కివెక్కి ఏడిస్తే కుటుంబమంతా సిగ్గుపడిందని, అదే బాక్సులో కూర్చున్న నవలా నాటక రచయిత పెద్ద డ్యూమా ఒక్కడే ఓదార్చాడని ఆత్మకథ చెబుతుంది. ప్రవేశ పరీక్ష రోజు ఆమెకు ఎదురు సంభాషణ చెప్పేవారు ఎవరూ రాలేదట. అందుకని నాటకం వదిలేసి లా ఫొంతేన్ రాసిన రెండు పావురాల నీతికథను చదివిందట. న్యాయనిర్ణేతల్లో పెద్ద అయిన సంగీతకర్త ఒబేర్ మధ్యలోనే ఆపి సీటు ఇచ్చేశాడట. పరీక్షలో మెప్పించిన గొంతూ, మోర్నీ సిఫారసూ రెండూ నిజమే అయి ఉంటాయి. ఈ రెంటిలో ఏది తీసేసినా ఆమె లోపలికి వచ్చేది కాదేమో.

1860లో చేరి రెండేళ్లు చదివింది. బహుమతులు వచ్చాయి గానీ మొదటి బహుమతి ఎన్నడూ రాలేదు. 1861లో విషాదాంత నాటకంలో రెండో బహుమతి. ఆ మరుసటేడు అందులో ఏమీ రాలేదు, హాస్యంలో మాత్రం రెండో బహుమతి వచ్చింది. సాధారణంగా ఇలాంటి ఫలితాలతో ఫ్రాన్స్‌లోకెల్లా గొప్ప నాటక సంస్థలోకి పిలుపు రాదు. ఆమెకు వచ్చింది. మోర్నీ మళ్లీ ఒక మాట అన్నాడు.

కొమెదీ ఫ్రాన్సేజ్ ఎలా పనిచేసేదో కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే సారా కథలో సగం గొడవలు ఆ సంస్థ నిర్మాణంలోంచే వచ్చాయి. 1680లో పద్నాలుగో లూయీ పుట్టించిన ఈ సంస్థకు 1812లో నెపోలియన్ మాస్కోలో సంతకం చేసిన ఉత్తర్వు రాజ్యాంగం వంటిది. ఇందులో నటులు రెండు రకాలు. జీతానికి పనిచేసేవారు ఒక రకం. సంస్థలో వాటాదారులై లాభాల్లో పాలు పంచుకుంటూ, పాత్రలు ఎవరికి ఇవ్వాలన్న దానిలో మాట చెల్లించుకుంటూ, ఇరవై ఏళ్ల సేవకు కట్టుబడేవారు రెండో రకం. కొత్తగా వచ్చిన నటి మూడు వేర్వేరు పాత్రల్లో తొలి పరిచయం చేసుకోవాలి. పాత్రల మీద సీనియారిటీ హక్కు ఉంటుంది, ఒక పెద్ద నటి వదిలేదాకా ఆమె పాత్ర చిన్నదానికి రాదు. అనుమతి లేకుండా బయట ఆడకూడదు. చిన్నచిన్న తప్పులకూ జరిమానాలు ఉంటాయి. ఇక్కడ చేరడమంటే కీర్తిలో ప్రవేశించడం కాదు, వరుసలో నిలబడటం.

1862 ఆగస్టులో రసీన్ రాసిన ఇఫిజెనీ పాత్రతో ఆమె రంగప్రవేశం చేసింది. వేదిక భయం ఆమెను వదలలేదు. మాటలు గబగబా పరుగెత్తించింది. ఆనాటి విమర్శకుల్లో పెద్దగా గుర్తింపు తెచ్చుకుంటున్న ఫ్రాన్సిస్క్ సార్సే, పొడవుగా సన్నగా చక్కగా ఉన్న అమ్మాయి, నిలబడటం బాగుంది, ఉచ్చారణ స్పష్టంగా ఉంది, ప్రస్తుతానికి ఇంతకు మించి చెప్పడానికేమీ లేదన్న అర్థంలో రాశాడు. మిగిలిన రెండు పరిచయ పాత్రలూ అంతంతమాత్రంగానే సాగాయి. తరువాతి కాలంలో ఇదే సార్సే ఆమెను ఆకాశానికెత్తాడు, మళ్లీ కోపం వచ్చినప్పుడు దించాడు.

ఆ సంస్థలో ఆమె మొదటి దఫా ఏడాది నిండకుండానే ముగిసింది. అది నటన వల్ల ముగియలేదు. 1863 జనవరి 15న పాత తరం నాటకకర్త మొలియేర్ పుట్టినరోజు వేడుక. సంస్థ నటులంతా వరుసగా నడిచి ఆయన విగ్రహానికి నమస్కరించడం ఆచారం. సారా తన చిన్న చెల్లెలు రెజీనాను వెంట తెచ్చింది. ఆ పిల్ల పొరపాటున నతాలీ అనే సీనియర్ నటి గౌను తోక మీద కాలు వేసింది. నతాలీ వయసులోనూ దేహంలోనూ హోదాలోనూ పెద్దది. వెనక్కి తిరిగి పిల్లను విదిలించి తోసేసరికి, పిల్ల స్తంభానికి కొట్టుకుని నుదురు చిట్లింది. సారా ముందుకు వచ్చి ఆ పెద్దామె చెంప చెళ్లుమనిపించింది. క్షమాపణ చెబితే సరిపోయేది. చెప్పలేదు. జీతగత్తె వాటాదారును కొడితే సంస్థ ఎవరి పక్షం వహిస్తుందో ఊహించడం కష్టం కాదు, ఆ సంవత్సరమే ఆమె బయటికి వచ్చేసింది. పత్రికల్లో ఆమె పేరు మొదటిసారి బాగా నలిగింది ఈ చెంపదెబ్బ వల్లనే. ఆ ఏడాది ఆమె పోషించిన పాత్రలేవీ పారిస్‌కు గుర్తు లేవు, దెబ్బ గుర్తుంది. దీన్ని ఆమె గమనించలేదనుకోలేం.

తరువాతి మూడేళ్లను జీవితచరిత్రలు తొందరగా దాటేస్తాయి, ఆత్మకథ మరీ తొందరగా. జిమ్నాజ్ థియేటరులో చిన్న పాత్రలు, ఒక చెత్త పాత్ర నచ్చక చెప్పకుండా పారిస్ వదిలి వెళ్లిపోవడం, ఆ తరువాత గర్భం, 1864 డిసెంబరు 22న కొడుకు మొరీస్ పుట్టుక. తండ్రి బెల్జియం రాకుమారుడు ఆన్రీ ద లీఞ్ అని సాధారణంగా ఒప్పుకుంటారు. తరువాతి రోజుల్లో ఎవరైనా అడిగితే రాజకీయ నాయకుడు గాంబెట్టానో కవి విక్టర్ హ్యూగోనో జనరల్ బూలాంజేనో తేల్చుకోలేకపోతున్నానని ఆమె చమత్కరించేదట. ఇరవై ఏళ్ల వయసులో, ఉద్యోగం లేదు, పసివాడు ఉన్నాడు, తల్లి ఇంట్లో చోటు లేదు. పోలీసు రిజిస్టరులో ఆమె పేరు చేరడాన్ని ఈ లెక్కలో పెట్టి చూడాలి. ఆనాటి నటీమణుల జీతాలు తక్కువ, పైగా వర్తమాన కాలపు నాటకాలకు దుస్తులు వాళ్లే కుట్టించుకోవాలి. ఆ దుస్తుల ఖర్చు జీతాన్ని మించిపోయేది. అంటే పోషకుడు లేకుండా నటిగా నిలబడటం చాలా మందికి సాధ్యం కాకుండా నాటకరంగమే ఏర్పాటు చేసింది. తల్లి వృత్తి, కూతురి వృత్తి మనం అనుకున్నంత దూరంగా లేవు.

సుమారుగా ఆ రోజుల్లోనే, 1864 ప్రాంతంలో, ఫొటోగ్రాఫర్ నాదార్ ఆమె చిత్రాలు తీశాడు. వాటిలో ఒకదాన్ని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. భుజాలు దాకా జారిన బరువైన వస్త్రం, దాని మడతలు తప్ప వేరే అలంకారమే లేదు. పక్కన సగానికి తెగిన రాతి స్తంభం మీద ఆమె మోచేయి ఆని ఉంటుంది. చెదిరిన ఉంగరాల జుట్టు, ఎటో చూసే కళ్లు. పాత్ర వేషం లేదు, ఏ నాటకానికీ చెందిన చిత్రం కాదు. చూసినవారు గొప్ప నటి చిత్రమనే అనుకుంటారు. కానీ అది తీసిన నాటికి ఆమె పనిలేని, పేరులేని, ఒక్క విజయమూ ఎరగని ఇరవై ఏళ్ల యువతి. ఆ ఫొటోను తరువాతి కీర్తి వెనక్కి వెళ్లి వెలిగించింది.

నిజమైన మలుపు 1866లో ఒదియోన్ థియేటరులో చేరడంతో వచ్చింది. సేన్ నదికి ఎడమ ఒడ్డున, విద్యార్థుల పేట నడుమ ఉన్న ఈ నాటకశాల కూడా ప్రభుత్వ సహాయంతో నడిచేదే, కానీ కొమెదీ ఫ్రాన్సేజ్ అంత బిగుసుకుపోయినది కాదు. దాని ఇద్దరు నిర్వాహకుల్లో షిల్లీకి ఆమె బక్కపలచగా ఉండటమూ, పేరుకు అంటిన గొడవలూ నచ్చలేదు. దుకెనెల్ మాత్రం ఆమెను చూసి ముగ్ధుడయ్యాడు. నెలకు 150 ఫ్రాంకుల జీతానికి తీసుకుని, ఆ సొమ్మును మొదట తన జేబులోంచే ఇచ్చాడని చెబుతారు. పారిస్‌లో పనివాడికి రోజు కూలీ నాలుగైదు ఫ్రాంకులు పలికే కాలమది కాబట్టి, ఒక మేస్త్రీకి వచ్చేదానికి ఈ జీతం పెద్దగా మించదు.

ఇక్కడ ఆమెకు కొమెదీ ఫ్రాన్సేజ్‌లో దొరకనిది దొరికింది. రోజూ ఆడే అవకాశం. విద్యార్థుల పేట ప్రేక్షకులు నచ్చితే కేకలు వేస్తారు, నచ్చకపోతే అంతకంటే గట్టిగా వేస్తారు. 1868లో డ్యూమా నాటకం ఒకటి పెట్టినప్పుడు, ప్రభుత్వం నిషేధించిన విక్టర్ హ్యూగో నాటకం కావాలంటూ కుర్రకారు ప్రదర్శనను సాగనివ్వలేదు. హ్యూగో అప్పటికి చక్రవర్తికి వ్యతిరేకంగా ప్రవాసంలో ఉన్నాడు. సారా వేదిక ముందుకు వచ్చి, హ్యూగోకు జరిగిన అన్యాయానికి డ్యూమాను బాధ్యుణ్ణి చేయడం న్యాయమేనా అని వాళ్లను నిలదీసింది. కేకలు ఆగాయి. రెండు వేల కళ్లు తన మీద ఉన్నప్పుడు భయపడి మాటలు మింగేసిన ఇఫిజెనీ పోయి, గుంపుతో మాట్లాడగల మనిషి ఆరేళ్లలో తయారైంది.

1869 జనవరి 14న యువకవి ఫ్రాన్స్వా కొప్పే రాసిన ‘బాటసారి’ అనే ఏకాంకిక వేశారు. అది రెండే పాత్రలున్న పద్యనాటిక. యౌవనం జారిపోతున్న ఒక గణిక, వెన్నెల రాత్రి దారిన పోయే ఒక కుర్ర గాయకుడు. అప్పటికే పేరున్న అగార్ గణిక అయింది. సారా గాయకుడు జానెట్టో వేషం కట్టింది. అందరూ వెక్కిరించిన సన్నటి దేహం ఆ కుర్రవాడి వేషానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పద్యం చదివేటప్పుడు ఆమె గొంతులో ఉన్న తీగసాగే గుణం, అంతవరకు లోపమని కొందరన్నది, ఇక్కడ ప్రాణమైంది. నాటిక నూట నలభైకి పైగా ప్రదర్శనలు ఆడింది. చక్రవర్తి రప్పించుకుని తన ప్యాలెస్‌లోనే ఆడించుకున్నాడు.

అయితే పేరు వచ్చింది 1869లోనేనా? చాలా పుస్తకాలు అలాగే రాస్తాయి. నేను మాత్రం ఇక్కడ రెండు మాటలను విడదీయాలంటాను. నటిగా గుర్తింపు వేరు, ప్రఖ్యాతి వేరు. 1869లో వచ్చింది మొదటిది. పారిస్‌లో కవిత్వం చదివేవారికి, నాటకాలు చూసేవారికి ఆమె తెలిసింది. రెండోది రావడానికి మరో పదేళ్లు పట్టింది, పైగా అది పూర్తిగా వేరే దారిలో వచ్చింది. ఆత్మకథ ఈ రెంటినీ కలిపేసి, ప్రతిభను లోకం ఒక రాత్రిలో గుర్తించినట్టు చూపుతుంది. అక్కడే అసలు చిక్కు పడుతుంది.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1870 సెప్టెంబరులో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించింది. నాటకశాలలు మూతపడ్డాయి. సారా ఒదియోన్ భవనాన్ని ఆసుపత్రిగా మార్చింది, ప్రేక్షకులు తిరిగే వరండాల్లో మంచాలు పరిచారు. పోలీసు ప్రిఫెక్టు పదవిలో ఉన్న పాత పరిచయస్థుడు కెరాత్రీ దగ్గరికి వెళ్లి ఆహారం, సారాయి, సరుకులు రాబట్టుకుంది. చలికాలంలో బొగ్గు అయిపోతే పాత తెరలు, కుర్చీలు, వేదిక సామగ్రి పొయ్యిలో పెట్టారు. నూట యాభై మందికి పైగా క్షతగాత్రులు అక్కడ వైద్యం పొందారు. ఇది పబ్లిసిటీ కోసం చేసిన పని అనడానికి ఆధారం లేదు. కానీ ముట్టడి ముగిశాక ఆమె పారిస్‌కు కేవలం నటి కాదన్నది వాస్తవం.

సామ్రాజ్యం కూలింది, హ్యూగో పంతొమ్మిదేళ్ల ప్రవాసం ముగించి తిరిగి వచ్చాడు. నిషేధంలో ఉన్న ఆయన నాటకం ‘రూయ్ బ్లాస్’ను 1872 ఆరంభంలో ఒదియోన్ వేసింది, రాణి పాత్ర సారాది. రిపబ్లిక్‌కు ఆరాధ్యుడైన కవి, ఆయన నాటకానికి ఈ గొంతు. ‘బంగారు గొంతు’ అన్న మాట ఆమెకు అతుక్కుపోయింది హ్యూగో వల్లనే అంటారు. తొమ్మిదేళ్ల కిందట గెంటివేసిన కొమెదీ ఫ్రాన్సేజ్ ఇప్పుడు ఏడాదికి 12,000 ఫ్రాంకులు ఇస్తానని పిలిచింది. ఒదియోన్‌తో ఒప్పందం తెంచుకుని, కోర్టులో ఓడి, పరిహారం కట్టి మరీ ఆమె వెళ్లింది. తనను ఆదరించిన ఇంటిని వదలడంలో ఆమెకు పెద్ద సంకోచం ఉన్నట్టు కనిపించదు.

రెండో దఫాలో కొమెదీ ఫ్రాన్సేజ్ ఆమెకు నటనలో ఇవ్వగలిగినదంతా ఇచ్చింది. 1874 డిసెంబరులో రసీన్ విషాదాంత నాటకంలో ఫేడ్రా పాత్ర. ఆ పాత్ర అంతకు ముందు తరపు మహానటి రషేల్ సొంతం. యూదు పేద కుటుంబం నుంచి వచ్చి 1858లో క్షయతో మరణించిన రషేల్‌ను చూసినవారు ఇంకా హాల్లో కూర్చుంటున్నారు. పోలిక తప్పదు, పోలికలో ఆమె నిలబడింది. 1875లో వాటాదారు అయింది. 1877 నవంబరులో హ్యూగో ‘ఎర్నానీ’లో కథానాయిక. మరునాడు ముసలి కవి ఒక వజ్రం పంపాడు, ఆ రాత్రి తన కంట రాలిన కన్నీటి చుక్కకు గుర్తుగా.

ఇదే కాలంలో, నాటకశాల బయట, రెండో సారా తయారైంది. ఆనాటి అందం కొలత నిండైన ఒళ్లు. ఆమె సన్నదనం వ్యంగ్య చిత్రకారులకు పండగ. చీపురుకట్టగా, గొడుగు కర్రగా గీశారు. ఖాళీ బండి వచ్చి ఆగింది, అందులోంచి సారా బెర్నార్ దిగింది అన్న హాస్యోక్తి ఊరంతా తిరిగింది. ఆ వెక్కిరింతల్లో కొన్ని యూదు ద్వేషంతో నిండిన ముతక బొమ్మలు కూడా ఉన్నాయి. ఆమె దాక్కోలేదు. బిగుతైన పొడవాటి గౌన్లు కుట్టించుకుని ఆ సన్నదనాన్నే ఫ్యాషన్ చేసింది. చనిపోతున్న చెల్లెలు రెజీనాకు తన మంచం ఇచ్చి తాను పడుకున్నానని చెప్పిన శవపేటికలో, కళ్లు మూసుకుని పూలతో ఫొటో దిగింది. ఆ ఫొటో కార్డులు అమ్ముడుపోయాయి. శిల్పాలు చెక్కి 1876లో సలోన్ అనే పారిస్ కళా ప్రదర్శనలో ప్రశంస పొందింది. 1878 ప్రపంచ ప్రదర్శన సమయంలో బెలూన్ ఎక్కి పారిస్ మీదుగా ఎగిరింది. సంస్థ అధిపతి పెరాన్ అనుమతి లేకుండా ఊరు దాటినందుకు జరిమానా వేస్తే కట్టనంది, రాజీనామా చేస్తానని బెదిరించింది, బెలూన్‌లోని కుర్చీ చెప్పినట్టుగా ఆ విహారం మీద ఒక చిన్న పుస్తకం కూడా అచ్చువేసింది.

వీటిలో దేన్నీ విడిగా చూసి వెర్రి అనకూడదు. సూ అనే ఒక్క చిల్లర నాణేనికే అమ్మే దినపత్రికలు ఆ రెండు దశాబ్దాల్లో లక్షల ప్రతులకు పెరిగాయి. వాటికి రోజూ వార్త కావాలి. నాటకం పారిస్‌లో ఒక హాల్లో ఒక రాత్రి వెయ్యిమందికి కనిపిస్తుంది. శవపేటిక ఫొటో తపాలాలో ఏ ఊరికైనా వెళుతుంది. నాటకం చూడని వారికి కూడా ఆమె తెలిసింది. ప్రఖ్యాతి అంటే అదే కదా, మన పని చూడనివారికి కూడా మన పేరు తెలియడం. 1864లో నాటకశాలల గుత్తాధిపత్యాలు రద్దయ్యాయి కాబట్టి, ఇంత పేరున్న మనిషి సొంతంగా ఆడితే అడ్డుకునే చట్టమూ లేదు. సంస్థకు ఆమె ఎంత అవసరమో ఆమెకు సంస్థ అంత అవసరం లేకుండా పోతోంది.

ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది 1879 జూన్‌లో. కొమెదీ ఫ్రాన్సేజ్ బృందం లండన్ గెయిటీ థియేటరుకు వెళ్లింది. అక్కడి ప్రేక్షకులు కొమెదీ ఫ్రాన్సేజ్‌ను చూడటానికి రాలేదు, సారా బెర్నార్‌ను చూడటానికి వచ్చారు. ఆమె ఆడని రాత్రి టికెట్లు మందగించాయి. ఒకరోజు అలసటతో రానంటే జనం డబ్బు వాపసు అడిగారు. ఆమె అటు శిల్పాల ప్రదర్శన పెట్టింది, ధనికుల ఇళ్లలో విడి ప్రదర్శనలు ఇచ్చింది, ఒక చిరుతను కొని తెచ్చుకుంది. తోటి వాటాదారుల మనసులో ఏముండి ఉంటుందో ఊహించుకోవచ్చు. తమ రెండు వందల ఏళ్ల పరువు ఒక నటి గౌను తోకకు వేలాడుతోంది.

1880 ఏప్రిల్‌లో, సరిగా సాధన లేకుండా ఆడవలసి వచ్చిన ఒక పాత్రకు విమర్శలు చెలరేగితే, మరునాడే ఆమె రాజీనామా లేఖ రాసి పత్రికలకు పంపింది. సంస్థ దావా వేసి గెలిచింది. లక్ష ఫ్రాంకుల పరిహారం కట్టమని కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ సొమ్ముకు దారి అప్పటికే సిద్ధంగా ఉంది. లండన్‌లో ఆమెకు ప్రదర్శనలు కుదిర్చిన జారెట్ అనే మేనేజరు అమెరికా పర్యటన ఒప్పందం పట్టుకుని ఉన్నాడు.

1880 అక్టోబరులో ‘లమేరిక్’ అనే ఓడ ఎక్కి ఆమె న్యూయార్క్ బయలుదేరింది. ఓడ కుదుపుకు మెట్ల మీద పడబోయిన ఒక వృద్ధ స్త్రీని గౌను పట్టుకుని ఆపానని, ఆమె తాను అబ్రహాం లింకన్ భార్యనని చెప్పిందని ఆత్మకథలో ఉంది. ఇది కూడా ఆమె కల్పనే అనిపించేంత నాటకీయంగా ఉన్నా, మేరీ లింకన్ ఫ్రాన్స్ నుంచి స్వదేశానికి తిరిగి వెళ్లింది నిజంగా ఆ ఓడలోనే. ఆత్మకథను చదివేటప్పుడు ఇదొక ఇబ్బంది, మరీ నమ్మశక్యం కాని చోటే ఒక్కోసారి నిజం చెబుతుంది.

నవంబరు 8న బూత్స్ థియేటరులో ఆట మొదలైంది. ఆ పర్యటనలో యాభైకి పైగా పట్టణాల్లో నూట యాభైకి పైగా ప్రదర్శనలు ఇచ్చారు, పట్టణం నుంచి పట్టణానికి రైలు. ప్రేక్షకుల్లో అత్యధికులకు ఫ్రెంచి రాదు. రషేల్ కూడా పాతికేళ్ల కిందట అమెరికా వెళ్లి క్షీణించిన ఆరోగ్యంతో తిరిగి వచ్చింది, సారా వెళ్లేనాటికి మాత్రం రైలు మార్గాలూ, ముందుగా ఊరూరికీ కథలు చేరవేసే పత్రికలూ సిద్ధంగా ఉన్నాయి. పెద్ద డ్యూమా కొడుకైన చిన్న డ్యూమా రాసిన కెమీలియాల యువతి పాత్రను ఆమె మొట్టమొదట వేసింది ఆ నవంబరులోనే, న్యూయార్క్‌లోనే. క్షయతో మరణించే ఒక పారిస్ గణిక కథ అది. కన్సర్వెటరీలోనూ కొమెదీ ఫ్రాన్సేజ్‌లోనూ రాణులుగా, రాకుమార్తెలుగా పెరిగిన నటి, తల్లి వృత్తిలోని స్త్రీని వేదిక మీదికి తీసుకువచ్చింది. జీవితాంతం ఆమె అన్నింటికంటే ఎక్కువసార్లు వేసిన పాత్రల్లో ఇదొకటి.

అలాంటి కథను, అలాంటి నటిని చూడటం పాపమని అమెరికా చర్చిల్లో ప్రసంగాలు సాగాయి. షికాగోలో బిషప్ ఒకరు వేదిక మీంచి ఆమెను తీవ్రంగా ఖండించినప్పుడు, ఆమె మేనేజరు ఆయనకు ఒక ఉత్తరం, దానితోపాటు రెండు వందల డాలర్లు పంపించాడని చెప్పుకుంటారు. మీ ఊరికి వచ్చినప్పుడు ప్రకటనలకు నాలుగు వందలు ఖర్చుపెట్టడం మాకు మామూలు, ఈసారి అందులో సగం పని మీరే చేశారు కనుక మిగిలిన సగం మీ పేదలకు పంపుతున్నాను అని అందులో ఉందట.